పన్నెండు కొత్త రాణులు

"ముసలి రాణిని నలిపెయ్యడం, పడుచు రాణిని పెట్టడం. అంతే కదా! ఇంట్లో కూడా పని ఇంత తేలిగ్గా అయిపోతే ఎంత బాగుండేదో!"

అన్నవాడు తేనె మాస్టారు. విన్నవాడు రాణి ఈగలు అమ్మే ఏజెంటు. ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళ మధ్య టీ కప్పుల ట్రే పట్టుకుని వంగి నిలబడ్డ మనిషి మాస్టారి భార్య. ఏజెంటు పరాయివాడు గనక కాస్త సిగ్గుపడి, నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. మాస్టారికి ఆ అవసరం కనిపించలేదు. "ఊరికే అన్నానోయ్. మొహం అలా పెట్టకు. ఈ ఇంటికి రాణివి నువ్వే కదా!" అని, ఇంకో చెంచా పంచదార వెయ్యమని కప్పు చాపాడు.

ఆమె వేసింది. చెంచా కప్పు అంచుకు తగలకుండా, చప్పుడు కాకుండా వేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకు బాగా పట్టుబడిన విద్యల్లో చప్పుడు చెయ్యకపోవడం ఒకటి. వంటింట్లోకొచ్చి ట్రే దించాక లోపలినుంచి ఏదో పైకి లేచింది. ముందు ఏడుపేమో అనుకుంది. కాదు. ఏడుపు అరికాళ్ళ నుంచి ఇంత వేడిగా పైకి రాదు.

ఊళ్ళో ఆమెను అందరూ పొగమ్మ అంటారు. ఇంటి వెనక పెరట్లో పన్నెండు తేనెపెట్టెలున్నాయి. వాటిని చూసి ఈగల పెంపకం నేర్చుకుందామని జట్లు జట్లుగా జనం వస్తుంటారు. మాస్టారు ముసుగు లేకుండా, తొడుగులు లేకుండా, పొట్టి చేతుల చొక్కాతో వెళ్ళి పెట్టె మూత తీస్తాడు. ఈగల గుంపు మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఈగలు ఆ చేతిమీద తాపీగా పాకుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూస్తారు. పక్కన ఒకావిడ తల వంచుకుని పొగ డబ్బా తిత్తి నొక్కుతూ ఉంటుంది. మొదట్లో ఎవరో "ఆవిడెవరండీ?" అని అడిగితే, మాస్టారు తల కూడా తిప్పకుండా "మా ఆవిడ. పొగ పడుతుంది" అన్నాడు. ఆ మాట అతుక్కుపోయింది. నేర్చుకోవడానికొచ్చినవాళ్ళు పొగమ్మా అన్నారు, కూరగాయల బండివాడు పొగమ్మా అన్నాడు. చివరికి ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆమె పక్కకు చూసే దాకా వచ్చింది.

పొగ పట్టడం ఎంతసేపు? జనం వచ్చిన రోజున గట్టిగా ఓ గంట. మిగతా రోజుల సంగతేమిటని ఎవరూ అడగలేదు. పూలు లేని కాలంలో పంచదార పాకం కాచి పెట్టెల్లో పోసేదెవరు, పురుగు పట్టిన తేనెపట్టుల్ని సూదితో కెలికి బాగుచేసేదెవరు, గాలివానకి పక్కకొరిగిన పెట్టెను నడుం పట్టేసినా సరే ఎత్తి నిలబెట్టేదెవరు? తేనె వడగట్టి, సీసాలు కడిగి, వాటిమీద చీటీలు అంటించడం సరేసరి. ఆ చీటీ మీద మాస్టారి ఫోటో ఉంటుంది, చెయ్యి నిండా ఈగలు, మొహం నిండా నవ్వు. ఆ మొహం వెనక ఇన్నేళ్ళలో ఎంత జిగురు పూసిందో పొగమ్మకే తెలియదు. ఇదంతా ఇంటిపని అయ్యాక. అత్తగారి మోకాళ్ళకి కాపడం, వచ్చిన జట్టుకి భోజనాలు, ఆ పొట్టి చేతుల చొక్కాలకి ఇస్త్రీ, ఇవన్నీ ముందు కావాలి.

కాపురానికొచ్చిన కొత్తలో ఓ ఈగ ఆమె కనురెప్ప మీద కుట్టింది. కన్ను మూసుకుపోయి చెంప దాకా ఉబ్బింది. ఒంటికంటితోనే వంట చేసి వడ్డించింది. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కోడలి మొహం వైపు చూసి, "కూరలో ఉప్పు లేదేం అమ్మాయ్? ఈగ కుట్టింది కంటి మీదా, నాలుక మీదా?" అంది. తింటున్నవాళ్ళకి పొలమారేంత నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మాస్టారు. ఆ మాట ఆ ఇంట్లో స్థిరపడిపోయింది. ఆమె వేలు తెగినా, జ్వరమొచ్చినా, కాలు జారి మెట్ల మీద పడినా "కంటి మీదా, నాలుక మీదా?" అని ఎవరో ఒకరు అనేవారు. అన్నప్పుడల్లా ఆమె కూడా నవ్వాలి. నవ్వేది. ఆ నవ్వులన్నీ లోపల ఎక్కడో పోగుపడుతున్నాయని అప్పట్లో ఆమెకు తెలియదు.

ఇక ఈగల సంగతి. అవి మాస్టారిని ఎందుకు కుట్టవో ఆయనకు తెలుసు. కనీసం తెలుసనుకుంటాడు. "నా చేతిలో ఏదో ఉందండీ. అది ఇంతా అంతా కాదు" అని, అరచెయ్యి తిప్పి తిప్పి చూపిస్తాడు. పొగమ్మ కూడా ఆ చెయ్యి చాలాసార్లు చూసింది. మెత్తగా, శుభ్రంగా ఉంటుంది. ఒక్క కాయ కూడా కాయలేదు.

అసలు సంగతి వేరు. రెండోసారి కూడా కడుపు నిలవని ఏడాది, ఆమె మంచం దిగిన మొదటి రోజున, నీళ్ళ ట్యాంకు నిచ్చెనకు ఎక్కడినుంచో లేచొచ్చిన ఈగల గుంపు వేలాడుతూ కనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు. ముసుగు కోసం లోపలికి వెళ్ళే ఓపిక కూడా లేదు. పోతే పోయాను అనుకుని ఒట్టి చేతులు రెండూ ఆ గుంపులోకి పెట్టి, దోసిళ్ళతో తీసి పెట్టెలో పోసింది. ఒక్క ఈగ కూడా కుట్టలేదు. గోరువెచ్చగా, బరువుగా, చేతుల మీంచి అలా పాకుతూ దిగిపోయాయి. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ గుంపులోని రాణికి పుట్టిన కూతుళ్ళని, వాటి కూతుళ్ళని, ఏటికేడాది అన్నిటికంటే నెమ్మదైన పెట్టె చూసుకుని పెంచుతూ వచ్చింది. అందుకోసం చిన్న చిన్న పెట్టెలు తనే చేయించుకుంది. మాస్టారు వాటిని చూసి "నీ బొమ్మరిళ్ళు" అని వెక్కిరించేవాడు. ఎప్పుడైనా ఏదో పెట్టె కోపంగా తయారైతే, ఆమె బొమ్మరింట్లోంచి ఒక రాణిని తీసుకెళ్ళి అందులో మార్చేది. పిల్లలు మారేసరికి పెట్టె స్వభావం మారిపోయేది. మాస్టారు మళ్ళీ వెళ్ళి అరచెయ్యి ఆనించేవాడు. "చూశారా, లొంగిపోయాయి" అనేవాడు.

ఇప్పుడు ఏజెంటు వచ్చి, బంగారు రంగు రాణులు, పొడుగ్గా, బలంగా, తేనె రెట్టింపు అన్నాడు. వీపు మీద తెల్ల రంగు చుక్క పెట్టి మరీ పంపుతామన్నాడు. రెండు నెలల్లో ఏటేటా జరిగే ప్రదర్శన ఉంది. ఊళ్ళోని పెద్దలు, పత్రికలవాళ్ళు, పొరుగూళ్ళ పెంపకందార్లు వస్తారు. పన్నెండు పెట్టెల్లోనూ కొత్త రాణులుంటే ఆ దర్జాయే వేరు. మాస్టారు అప్పటికప్పుడే ఒప్పేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె నోరు విప్పింది. "ఏవండీ, ఈ రకం పిల్లలు మహా కోపిష్టివి. అప్పుడోసారి ఇలాంటి రాణినే తెచ్చి మూల పెట్టెలో పెట్టారు. ఈగలు వంటింటి దాకా వెంటపడి కుట్టలా?"

"ఆ పెట్టెని నేనే కదా దారికి తెచ్చింది?"

"మీరు కాదు. నేను ఆ రాణిని తీసేసి మనదాన్ని పెట్టాను."

మాస్టారు టీవీ గొంతు తగ్గించి, ఆమె వైపు జాలిగా చూశాడు. చిన్నపిల్ల అబద్ధమాడితే చూసే చూపు. "సరేలే, నువ్వే పెట్టావు. ఇప్పుడు కూడా నువ్వే పెడుదువుగాని. పాతవాటిని నలిపెయ్. ఆ బొమ్మరిళ్ళు కూడా బయట పారెయ్, పెరడంతా చెత్తగా ఉంది."

"వాడు చదివినవాడమ్మా, వాడికి తెలీదా?" అని లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "నీ పని పొగ పట్టడం. పట్టు."

ఒకసారి చెప్పింది. చాలు. రెండోసారి చెప్పడానికి ఆమె ఆ గుమ్మం దగ్గర నిలబడలేదు.

వారం తిరక్కుండా పార్సెల్ వచ్చింది. అగ్గిపెట్టెలో సగమంత ఉన్న పన్నెండు పంజరాలు. ఒక్కోదాంట్లో ఒక రాణి, దానికి తిండి పెట్టడానికి నాలుగైదు కూలి ఈగలు. ఒక పక్కన సన్నటి జాలీ. ఒక చివర రంధ్రం, దాంట్లో గట్టి పంచదార ముద్ద, దానిమీద చిన్న బిరడా. మాస్టారు ఒక పంజరం ఎత్తి వెలుతురులో చూసి, "అబ్బ, ఏం రంగు!" అని ఏజెంటుకు ఫోన్ చెయ్యడానికి వెళ్ళిపోయాడు. మిగతా పని ఆమెది.

ఆ పంజరాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు పొగమ్మ బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన చాలా చెడ్డది, చాలా తేలికైనది కూడా. పాత రాణుల్ని పెట్టెల్లోనే వదిలేస్తే చాలు. సొంత రాణి ఉన్న పెట్టెలోకి కొత్త రాణి బయటికి రాగానే ఈగలు చుట్టూ ఉండలా ముసురుకుని చంపేస్తాయి. అదీ అక్కర్లేదు, బిరడా తియ్యడం మర్చిపోతే చాలు, రాణి ఆ పంజరంలోనే పడి ఉంటుంది. పన్నెండు బంగారు శవాలు ఒక పళ్ళెంలో పెట్టి టీతోపాటు ఇస్తే ఎలా ఉంటుంది! మాస్టారి మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటే ఒంటికి చల్లగా అనిపించింది.

కానీ ఆ మొహం తర్వాత ఏమంటుందో కూడా ఆమెకు వినిపించింది. "ఆడదానికి అప్పగిస్తే ఇంతే." ఇంకెవరో అందుకుంటారు, "కంటి మీదా, నాలుక మీదా?" అని. మళ్ళీ నవ్వు. మళ్ళీ తనూ నవ్వాలి. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో చెడినదల్లా ఆమె ఖాతాలోకి, బాగుపడినదల్లా ఆయన ఖాతాలోకి పోతూ వచ్చాయి. సరే, అలాగే పోనీ. ఈసారి పని బ్రహ్మాండంగా కుదరాలి. ఒక్క రాణి కూడా చావకూడదు. పన్నెండుకి పన్నెండూ గద్దె ఎక్కాలి, కడుపారా గుడ్లు పెట్టాలి. గెలుపంతా ఆయనదే కావాలి. ఆ మాట అనుకోగానే లేచి పెట్టెల వైపు నడిచింది.

పాత రాణుల్ని వెతికి పట్టుకోవడానికి ఒక రోజు పట్టింది. ఒక్కొక్కదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నప్పుడు, నలపడం ఎంత తేలికో తెలిసింది. కాస్త నొక్కితే చాలు. ఇంత తేలికైన పని కాబట్టే కాబోలు అంత తేలిగ్గా అనగలిగాడు. ఆమె నొక్కలేదు. ఒక్కొక్కదాన్నీ ఒక్కో ఖాళీ బొమ్మరింట్లోకి దించి, దానికి తోడుగా పిల్లలున్న పట్టొకటి, తేనె ఉన్న పట్టొకటి, గుప్పెడు ఈగల్ని ఇచ్చి మూత వేసింది.

ఊరికి ఆ చివర టైలరక్క దుకాణం ఉంది. పొగమ్మకు ముసుగు టోపీలు కుట్టిపెట్టేది ఆవిడే. ఇద్దరు మొగుళ్ళని వదిలేసిందని ఆవిడ గురించి ఊళ్ళో చెప్పుకుంటారు. "ఒకణ్ణే వదిలాను. రెండోవాడు తనంతట తనే పోయాడు, ఆ పుణ్యం నాకెందుకు అంటగడతారు?" అంటుంది ఆవిడ. పొగమ్మ కబురందుకుని, ఆ సాయంత్రమే బట్టల మూటలు మోసే మూడు చక్రాల బండి తనే నడుపుకుంటూ వచ్చింది. మాస్టారు వసారాలో పత్రిక చదువుకుంటున్నాడు. పొగమ్మ ఆయన కళ్ళ ముందునుంచే పెట్టెలు మోసుకెళ్ళి బండికెత్తుతుంటే, "హమ్మయ్య, ఇన్నాళ్ళకి పెరడు ఖాళీ అయింది" అన్నాడు. పత్రిక పక్కకు కూడా జరపలేదు.

ఆవిడ డాబా మీద పన్నెండు బొమ్మరిళ్ళూ వరసగా సర్దారు. అంత దూరం గనక ఈగలు పాత చోటికి తిరిగిపోవు.

"ఎన్నాళ్ళకి?" అంది టైలరక్క.

"ఇక ఇక్కడే అక్కా, నీకు అడ్డం లేకపోతే. ఈగలు ఎవర్నీ ఏమీ అనవు."

"నేనడిగింది ఈగల గురించి కాదే పిచ్చిమొహమా. దుకాణం వెనక గది ఖాళీగా ఉంది. తాళం గూట్లో పెడతాను. అంతకుమించి నేనేం అడగను, నువ్వేం చెప్పకు."

మర్నాడు పొద్దున్నే పొగమ్మ కొత్త రాణుల్ని పెట్టింది. అప్పటికి ఒక రాత్రి గడిచింది, రాణి లేదన్న సంగతి పెట్టెల్లో తెలిసిపోయింది. లోపలి చప్పుడులోనే తెలుస్తుంది అది, ఇంట్లో మనిషి కనిపించనప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టుంటుంది. ఈగలు సొంతంగా రాణిని చేసుకోవడానికి కొత్త గదులేమైనా మొదలెట్టాయేమో ప్రతి పట్టూ తిప్పి చూసింది. పంజరం బిరడా తీసింది. నడిమధ్య, పిల్లలున్న పట్టులు కట్టిన రెండు చెక్క చట్రాల సందులో పంజరాన్ని దించింది. పంచదార ముద్ద ఉన్న చివర కాస్త పైకుండాలి, లేకపోతే లోపల చచ్చిన ఈగ ఏదైనా జారి దారికి అడ్డం పడుతుంది. జాలీ పట్టుకు ఆనుకుపోకూడదు, సందువైపు తిరిగి ఉండాలి, బయటి ఈగలు నాలుక చాపి లోపలి రాణికి తిండి పెట్టగలగాలి. అలా చూసి చూసి, సన్నతీగతో చట్రం పైకర్రకు బిగించి కట్టింది. రెండు చట్రాలనీ దగ్గరికి జరిపి, వేలితో ఊపి చూసింది. కదల్లేదు. పెట్టె మూసి రెండోదాని దగ్గరికి వెళ్ళింది.

ఈ పని ఎన్నిసార్లు చేసినా ఆమెకు తన మొదటి ఏడాదే గుర్తొస్తుంది. పెట్టెలో పెట్టగానే రాణిని ఎవరూ రాణి అనరు. ముందు పరాయి వాసన పోవాలి, ఆ పెట్టె వాసన పట్టాలి. అందాకా జాలీ వెనకే. "పుట్టింటి వాసన పోవాలమ్మాయ్, మా ఇంటి పద్ధతి ఒంటికి పట్టాలి" అని అత్తగారు ఆమె తెచ్చుకున్న బట్టలు అటక మీద పడేయించింది, ఆమె సబ్బు మార్పించింది, ఆమె రాసుకునే నూనె మార్పించింది. ఆమె పాడుకునే పాటలు ఆపించింది. "రాణిలా చూసుకుంటాం" అన్నారు పెళ్ళిలో. నిజమే చెప్పారు. రాణికి ఏం స్వాతంత్ర్యం ఉందని? గుడ్లు పెట్టినన్నాళ్ళు తిండి పెడతారు. తగ్గితే మారుస్తారు. ఇంటికి రాణివన్న మాట విని సంబరపడే ఆడవాళ్ళందర్నీ ఒకసారి తీసుకొచ్చి ఈ పెట్టె మూత తీసి చూపించాలనిపించింది ఆమెకు. చివరి పంజరం బిగిస్తూ, జాలీ లోపల గాభరాగా తిరుగుతున్న తెల్ల చుక్కను చూసి, "నీ మీద కోపం లేదే తల్లీ. నీ కూతుళ్ళు మాత్రం నాకు కావాలి" అంది మెల్లగా.

కొన్నాళ్ళాగి మూతలు తీసి చూస్తే, ఈగలు పంచదార ముద్దను కొరుక్కు తిని దారి చేసేశాయి. పన్నెండు పంజరాలూ ఖాళీ. పన్నెండు తెల్ల చుక్కలూ పట్టుల మీద నెమ్మదిగా నడుస్తున్నాయి. ఆ సంగతి చెబితే మాస్టారు "నేను చెప్పలా? ఇందులో ఏముంది!" అన్నాడు.

తర్వాత చెయ్యాల్సింది ఏమీ లేదు, రోజులు గడవడమే. పెట్టెలో ఉన్న ఈగలన్నీ పాత రాణుల పిల్లలు, నెమ్మదస్తులు. అవి ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. వాటి చోట్లోకి కొత్త రాణుల పిల్లలు వస్తుంటాయి. పైనుంచి చూస్తే అదే పెట్టె, అదే రంగు, అదే మూత. పొగమ్మ రోజూ ఓ సారి వెళ్ళి పెట్టె పక్కకు చెవి ఆనించి వచ్చేది. మొదట్లో ఆ చప్పుడు పాలు కాగుతున్నట్టుండేది. పోను పోను సన్నబడి, పదునెక్కింది. మూత తీస్తే చాలు, ముసుగు జాలీ మీద రాళ్ళు విసిరినట్టు వచ్చి తగిలేవి. ఆమె మందపాటి తొడుగులు వేసుకుని, మణికట్టు దగ్గర దారంతో కట్టుకుని పని చేసుకునేది. ప్రదర్శన అయ్యేదాకా జట్లేవీ రావద్దని చెప్పేసిన మాస్టారు మామూలుగానే పెట్టెల దగ్గరికి రాలేదు. జనం లేకుండా ఆయన ఎప్పుడు వచ్చాడని?

బట్టలు ఆరేస్తున్నప్పుడు అత్తగారు ఒకసారి మొహం ముందు చెయ్యి విసురుకుంటూ, "ఈమధ్య ఈగలు మీది మీదికొస్తున్నాయేం అమ్మాయ్?" అంది.

"కొత్త రాణుల పిల్లలు అత్తయ్యా. మంచి చురుకు."

"చురుకంటే మరి! ఎవరు తెప్పించారు!" అన్నాడు వసారాలోంచి మాస్టారు.

మధ్యలో ఆమె మనసు ఒకసారి మెత్తబడిన మాట నిజం. ప్రదర్శన కోసం పెద్ద బ్యానరు రాయిస్తూ, "ఈసారి నీ ఫోటో కూడా వేయిస్తున్నానోయ్" అన్నాడు మాస్టారు. ఎన్నడూ లేనిది అంత మాట అనేసరికి ఆమె చేస్తున్న పని ఆపి ఆయన వైపు చూసింది. వద్దులే, చెప్పేద్దాం, రెండు వారాలైనా టైముంది, రాణుల్ని మార్చకపోయినా ప్రదర్శన ఆపించవచ్చు అనుకుంది. ఆ రోజంతా అదే ఆలోచన, కూర మాడబెట్టి మాట పడింది కూడా. బ్యానరు వచ్చింది. మాస్టారు నిలువెత్తున నవ్వుతున్నాడు. పక్కన పొగ డబ్బా, దాన్ని పట్టుకున్న ఒక ఆడమనిషి చెయ్యి, మణికట్టు దాకా. అక్కడికి ఫోటో అయిపోయింది.

"చూశావా, ఉన్నావు" అన్నాడు మాస్టారు, ఆ చేతి మీద వేలు పెట్టి.

"ఉన్నాను" అంది ఆమె. ఆ రోజే బట్టలు నాలుగు జతలు సంచిలో సర్దుకుంది.

ప్రదర్శన రోజు పొద్దున్న పొగమ్మ తన పనంతా తప్పు లేకుండా చేసింది. కుర్చీలు వేయించింది. కుర్చీల చుట్టూ నేల నుంచి పందిరి దాకా వల కట్టించి, అంచులకి రాళ్ళు పెట్టించి, ఎక్కడా వేలు దూరే సందు లేదని తనే చుట్టూ తిరిగి చూసుకుంది. వచ్చినవాళ్ళు ఎవరికీ ఏమీ కాకూడదు. ఇది ఆ ఇంటి విషయం. పెట్టెల పక్కన మేకుకి మాస్టారి ముసుగు టోపీ తగిలించింది. ఇన్నేళ్ళుగా ఆయన పెట్టుకోనిది, మడతలు కూడా పోనిది.

జనం నిండారు. ఏజెంటు ముందు వరసలో కూర్చున్నాడు. మాస్టారు ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల చొక్కా వేసుకుని, ఒంటికి ఘాటుగా సెంటు కొట్టుకుని వచ్చాడు. ఆ సెంటు వాసన ఈగలకు మహా చిరాకు. ఏటా ప్రదర్శన ముందు ఆయన ఒళ్ళు తడిగుడ్డతో తుడిపించేది ఆమె. ఈ ఏడాది ఎవరూ తుడవలేదు. మైకు తీసుకుని రాణుల గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడి మాట్లాడి ఊపొచ్చి, "నా ఈగలు ఎంత మర్యాదస్థులంటే, ఈసారి పొగ కూడా అక్కర్లేదు!" అన్నాడు. చప్పట్లు. అప్పటికే పొగ డబ్బా వెలిగించి పక్కన నిలబడ్డ ఆమె వైపు తిరిగి, మైకు నోటికి అలా ఉండగానే, "నీకివాళ సెలవోయ్. వెళ్ళి టీల సంగతి చూడు" అన్నాడు. జనం నవ్వారు.

"టోపీ మేకుకుందండీ" అంది ఆమె.

"అది నువ్వు పెట్టుకో!" ఇంకా పెద్ద నవ్వు.

పొగమ్మ తల ఊపింది. చప్పుడు చెయ్యకుండా ఇంట్లోకి వెళ్ళి, తలుపు వెనకున్న సంచి భుజానికి తగిలించుకుని, ముందు గుమ్మంలోంచి బయటికి నడిచింది. పొగ డబ్బా చేతిలోనే ఉంది. అది ఇంకా సన్నగా పొగ వదులుతోంది.

గేటు దగ్గరికి చేరేసరికి పెరట్లో మూత లేచిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే లేచిన ఇంకో చప్పుడును ఆ ఊళ్ళో గుర్తుపట్టగలిగిన మనిషి ఆమె ఒక్కతే. మైకులో మాస్టారి గొంతు "చూడండి, ఎంత నెమ్మది" దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత మైకులోంచి వచ్చింది మాట కాదు. కుర్చీలు కదిలాయి. ఎవరో "వల తియ్యకండి, వల తియ్యకండి!" అని అరిచారు. మాస్టారు టోపీ కోసమే పరిగెత్తాడు పాపం. ఈగలు జుట్టులో ఉండగానే దాన్ని తలకు తగిలించుకున్నాడు. మంచి గట్టి కుట్టు, టైలరక్క చేతిది, లోపలివాటిని బయటికి పోనివ్వదు. పెరడంతా గంతులేసి, వంటింటి తలుపులోంచి ఇంట్లోకి పడి, లోపల గడియ పెట్టుకున్నాడు.

వీధివైపు కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది. అత్తగారు చువ్వలు పట్టుకుని కేకేసింది. "అమ్మాయ్! ఎక్కడికే, ఆ సంచేమిటి? ముందు లోపలికొచ్చి పొగ పట్టు! వాడి మొహం చూడు, ఇంతెత్తున వాచింది, కన్ను మూసుకుపోతోందే!"

ఆమె గేటు బయటికి అడుగుపెట్టి, గడియ వేసి, వెనక్కి తిరిగింది. వలలో ఉన్నవాళ్ళకి, వీధిలో ఆగి చూస్తున్నవాళ్ళకి, గదిలో ఉన్నవాడికి, అందరికీ వినపడేంత గొంతు తనలో ఉందని ఇరవై ఏళ్ళలో ఆమెకు మొదటిసారి తెలిసింది.

"కుట్టింది కంటి మీదేగా అత్తయ్యా! నాలుక బాగానే ఉందిగా. ఇవాళ్టి నుంచి కూరలో ఉప్పు ఆయన్నే చూసుకోమనండి."